మన్యం కొండల్లో దొరికింది నీలం కాదు, సాఫిరిన్

సంపాదకులకు నమస్కారాలు.

గత వారం మీ జిల్లా పేజీలో, పాడేరు వైపు రోడ్డు వెడల్పు చేస్తూ పగలగొట్టిన బండల్లో నీలిరంగు గింజలు కనిపించాయనీ, అవి నీలాలేనని స్థానికంగా చెప్పుకుంటున్నారనీ ఒక వార్త వచ్చింది. ముప్పయ్యేళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు భూగర్భశాస్త్రం చెప్పి, ఏటా చలికాలంలో వాళ్లను వెంటబెట్టుకుని అనంతగిరి, అరకు, పాడేరు దారుల్లో సుత్తి పట్టుకుని తిరిగినవాణ్ణి కాబట్టి ఆ వార్త చదివి ఊరుకోలేకపోయాను. అందులో సగం నిజం ఉంది. ఆ కొండల్లో నీలిరంగు ఖనిజం ఉన్నమాట వాస్తవం, అది అరుదైనదన్న మాటా వాస్తవం. కానీ అది నీలం కాదు. దాని పేరు సాఫిరిన్. రంగు కలిసినంత మాత్రాన, నీలానికి ఇంగ్లీషు పేరైన సఫైర్‌తో పేరులో పోలిక ఉన్నంత మాత్రాన రెండూ ఒకటైపోవు. ఈ తేడా తెలియక గునపాలు పట్టుకుని కొండెక్కేవాళ్లు నష్టపోతారు. నిజంగా కాపాడుకోవలసిన రాయేమో కంకర కుప్పలో కలిసిపోతుంది. అందుకే ఉత్తరం పొడవైనా మన్నించి ప్రచురించమని కోరుతున్నాను.

మొదట నీలం సంగతి. మన పూర్వులు కురువిందం అని పిలిచిన రాయినే ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో కోరండం అంటున్నాం. ఇంగ్లీషువాళ్ల మాట కూడా మన దక్షిణాది భాషల నుంచి వెళ్లినదే. అల్యూమినియం, ఆక్సిజన్ తప్ప అందులో చెప్పుకోదగ్గ మూలకం మరొకటి ఉండదు. లేశమాత్రంగా ఇనుము, టైటానియం కలిస్తే అది నీలం, క్రోమియం కలిస్తే కెంపు. సాఫిరిన్ కుటుంబం వేరు. అది మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన సిలికేట్. అయితే సిలికేట్ అన్న పేరే గానీ, ఇనుము లేని శుద్ధరూపంలో లెక్కగడితే అందులో సిలికా, అంటే సిలికాన్ ఆక్సైడ్, 13 నుంచి 17 శాతమే. అల్యూమినియం ఆక్సైడ్ అయిన అల్యూమినా 59 నుంచి 66 శాతం దాకా ఉంటుంది, తక్కినది మెగ్నీషియం ఆక్సైడ్ అయిన మెగ్నీషియా. మనకు నిత్యం కనిపించే పలుగురాయి మొత్తం సిలికాయే, గ్రానైట్‌లోని గులాబీరంగు ఫెల్డ్‌స్పార్‌లో మూడింట రెండు వంతులు సిలికాయే. ఆ లెక్కన సాఫిరిన్ సిలికేట్ల ఇంట పుట్టినా ఉప్పు తక్కువైన కూర లాంటిది. దాని పుట్టుక కథంతా ఈ సిలికా కొరతలోనే ఉంది కాబట్టి పాఠకులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈ నిష్పత్తి కూడా స్థిరంగా ఉండదు. ఒక మెగ్నీషియం, ఒక సిలికాన్ తప్పుకుంటే వాటి స్థానంలో రెండు అల్యూమినియం పరమాణువులు వచ్చి కూర్చుంటాయి. విద్యుదావేశాల లెక్క చెడదు, సంఘటనం మాత్రం కొంచెం జరుగుతుంది. మెగ్నీషియం స్థానంలో ఇనుము కూడా చేరుతుంది, నీలిరంగుకు కారణం ఆ ఇనుమే. ఇనుము చాలా తక్కువగా ఉన్న సాఫిరిన్ దాదాపు రంగు లేకుండా ఉంటుంది; ఎక్కువయ్యే కొద్దీ లేత నీలం, బూడిద నీలం, ముదురు నీలం, కొన్నిచోట్ల పచ్చదనం కలిసిన నీలం. దీని లోపలి నిర్మాణాన్ని పి.బి. మూర్ అనే అమెరికన్ ఖనిజశాస్త్రవేత్త 1968లో ఛేదించాడు. ఆక్సిజన్ నాలుగు మూలలా ఉండే చతుర్ముఖాలు గొలుసుల్లా సాగి, ఆ గొలుసులకు పక్కరెక్కలు మొలిచినట్టు ఉంటుందని తేల్చాడు. ఆ చతుర్ముఖాల మధ్యలో సిలికాన్ కన్నా అల్యూమినియమే ఎక్కువసార్లు ఉంటుంది.

వార్త వచ్చిన మూడోనాడు నా పాత శిష్యుడొకడు, ఇప్పుడు ఆ మన్యంలోనే బడిపంతులుగా ఉన్నవాడు, బస్సులో వచ్చి గుడ్డసంచిలోంచి పిడికెడు రాయి తీసి బల్లమీద పెట్టాడు. "మాస్టారూ, నీలం కాదని నాకు తెలుసు. కానీ మా ఊళ్లో నా మాట వినరు, మీరు చూసి చెప్పండి" అన్నాడు. రాయి పైకి ముదురు గోధుమరంగులో, పెద్దగా ఆకర్షణ లేకుండా ఉంది. పరిమాణానికి మించిన బరువు. గ్లాసు నీళ్లు తెచ్చి పైన ఒంపాను. దుమ్ము కడుక్కుపోగానే దానిమ్మగింజల్లాంటి గార్నెట్‌లు, పగిలిన ముఖం మీద కంచులా మెరిసే హైపర్‌స్తీన్ అనే ఖనిజం, వాటి సందుల్లో నూకల పాటి నీలి గింజలు బయటపడ్డాయి. మేఘం పట్టిన ఆకాశంలో అక్కడక్కడ కనిపించే నీలం లాంటి రంగు. ఉంగరపు దుకాణంలో చూసే మెరుపు కాదు.

పలుగురాయి ముక్కతో గీస్తే నీలి గింజ మీద గాటు పడలేదు, గింజ అంచు మాత్రం పలుగురాయిని గీరింది. మా ఇంట్లో పాత నమూనాల పెట్టెలో పుష్యరాగం, అంటే టోపాజ్, ముక్క ఒకటి ఉంది. దాని కొనతో నొక్కి గీస్తే నీలి గింజ మీద సన్నటి గీటు పడింది. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలమానంలో పలుగురాయిది 7, పుష్యరాగానిది 8, అంటే ఈ గింజ గట్టిదనం 7కూ 8కీ మధ్య. పుస్తకాల్లో సాఫిరిన్‌కు రాసినది 7.5. నీలం గట్టిదనం 9, దాని మీద పుష్యరాగం గీటు పెట్టలేదు. విడి గింజ దొరికితే మరో పరీక్ష కూడా సులువే: నీలం నీటి కన్నా సుమారు 4 రెట్లు బరువు, సాఫిరిన్ మూడున్నర రెట్లు. కాంతిని వంచే గుణంలోనూ నీలానికి 1.76 పైచిలుకు, సాఫిరిన్‌కు 1.70 నుంచి 1.73 మధ్య. ఈ చిన్న పరీక్షలకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. విలేకరి ఏ కళాశాల భూగర్భశాస్త్ర విభాగంలో అడిగినా పది నిమిషాల్లో తేల్చి చెప్పేవారు.

పేరు తెచ్చిన చిక్కు ఈనాటిది కాదు. ఈ ఖనిజాన్ని మొదట సేకరించినవాడు కార్ల్ లుడ్విగ్ గీసెకె అనే జర్మన్. యౌవనంలో వియన్నా నాటకశాలలో వేషాలు కట్టి, నాటకాలు రాసి, తరవాత రాళ్ల మోజులో పడి, 1806లో ఖనిజాలు వెతకడానికి గ్రీన్‌లాండ్ వెళ్లాడు. ఈలోగా ఐరోపాలో నెపోలియన్ యుద్ధాలు ముదిరి రాకపోకలు తెగిపోవడంతో ఆ మంచుదేశంలో 1813 దాకా చిక్కుకుపోయాడు. ఆ ఏడేళ్లలో పోగుచేసిన రాళ్లలో, నైరుతి తీరంలోని ఫిస్కెనెసెట్ దగ్గర దొరికిన నీలిరాయి ఒకటి. రంగు చూసి సఫైర్ గుర్తొచ్చి, దానికి సాఫిరిన్ అని పేరు పెట్టాడు. గోటింగెన్‌లో రసాయనశాస్త్రవేత్త స్ట్రోమయర్, అంటే కాడ్మియం కనిపెట్టిన ఆయనే, దాన్ని విశ్లేషించి 1819లో వివరాలు ప్రకటించాడు. ఇది నీలం కాదని ఆనాడే ఆయన రసాయనిక లెక్క తేల్చింది. అయినా పేరులోని సఫైర్ అలాగే ఉండిపోయింది. రెండు వందల ఏళ్ల తరవాత మన కొండల్లో దాన్ని నీలమని భ్రమించడంలో గీసెకెకూ కొంత వాటా ఉందనుకోవాలి.

మన ప్రాంతంలో దీని ఉనికి కొత్తగా రోడ్డు పనుల్లో బయటపడిందన్న మాట కూడా సరికాదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన సి.ఎస్. మిడిల్‌మిస్ అప్పటి మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా నుంచి సాఫిరిన్ ఉన్న శిలను 1904లోనే వర్ణించాడు. మూడేళ్లకు, 1907లో, టి.ఎల్. వాకర్, డబ్ల్యు.హెచ్. కాలిన్స్ ఈ కొండప్రాంతపు శిలల మీద మరింత వివరంగా రాశారు. ఈ వాకరే 1902లో మన తూర్పు కనుమల ఎర్రమచ్చల రాతికి, కొండల్లో నివసించే ఖోండుల పేరు మీద ఖొండలైట్ అని పేరు పెట్టినవాడు. విశాఖ వాసులు రోజూ చూసే కైలాసగిరి, సింహాచలం కొండలు ఆ రాయే. మిడిల్‌మిస్ గురించి ఒక విశేషం చెప్పాలి. ఇక్కడ సాఫిరిన్‌ను నమోదు చేసిన ఆయన, ఉద్యోగ విరమణ తరవాత జమ్మూ కాశ్మీర్ సంస్థానపు ఖనిజ సర్వేకు అధిపతిగా వెళ్లి అక్కడి అసలైన నీలాల గురించి రాశాడు. రెండు రాళ్లనూ చేత్తో పట్టి చూసిన ఆయన వాటి మధ్య పొరబడలేదు.

సాఫిరిన్ ఎందుకు అరుదు అన్న ప్రశ్న దగ్గరికి వస్తే, అసలు కథ అక్కడే ఉంది. భూమి పైపొరలో సిలికా సమృద్ధిగా ఉంటుంది. సాఫిరిన్ పుట్టాలంటే మెగ్నీషియం, అల్యూమినియం దండిగా ఉండి, సిలికా, సున్నం, పొటాషియం, సోడియం తక్కువైన శిల కావాలి. అలాంటి శిల సహజంగా చాలా తక్కువ. ఒక అభిప్రాయం ప్రకారం, బంకమన్ను లాంటి పాత అవక్షేపం తీవ్రమైన వేడికి పాక్షికంగా కరిగి, కరిగిన గ్రానైట్ ద్రవం పైకి తప్పుకున్నాక అడుగున మిగిలిన పిప్పి అది. చెరకు గానుగలో రసం పోయాక మిగిలే పిప్పిలాగే, తేలిగ్గా కరిగే సిలికా, పొటాషియం వెళ్లిపోయి మెగ్నీషియం, అల్యూమినియం మిగిలిపోతాయి. మరికొందరు, కరగడానికి ముందే వేడినీటి వల్లనో శిథిలం కావడం వల్లనో మార్పు చెంది క్లోరైట్ అనే ఖనిజంతో నిండిన శిలే దీనికి మూలమంటారు. నేను చూసిన చోట్ల రెండింటికీ కొంత ఆధారం కనిపించింది. అన్ని ఉనికిపట్లకూ ఒకే పుట్టుక అంటగట్టడం నాకు నచ్చదు.

రసాయనం కుదిరినా వేడి కుదరాలి. సాధారణంగా భూమి లోపల 30 కిలోమీటర్ల లోతున ఉండే ఉష్ణోగ్రత 500 నుంచి 700 డిగ్రీల సెంటిగ్రేడ్. మన పాడేరు, అనంతగిరి సాఫిరిన్ శిలలు దాదాపు ఆ లోతులోనే ఉండి 900 డిగ్రీలు దాటి, కొన్నిచోట్ల 1000 డిగ్రీల దాకా కాగాయని వాటిలోని ఖనిజాల కూర్పు చెబుతోంది. కంసాలి మూసలో వెండి కరిగేది 962 డిగ్రీలకు, బంగారం 1064 డిగ్రీలకు. అంటే ఒకప్పుడు ఈ రాళ్లు వెండి కరిగేంత సెగలో ఉండి కూడా పూర్తిగా కరిగిపోకుండా నిలిచాయి. నీరు దాదాపు లేకపోవడం, తేలిగ్గా కరిగే భాగం ముందే వెళ్లిపోవడం అందుకు కారణాలు. 900 డిగ్రీలు దాటిన ఇలాంటి మార్పును అత్యుష్ణ రూపాంతరీకరణం అంటారు. ప్రపంచంలో దాన్ని చదువుకోవడానికి వెళ్లే ముఖ్యమైన చోట్లలో మన తూర్పు కనుమలు ఒకటి అన్న సంగతి విశాఖలో పుట్టి పెరిగినవాళ్లలో కూడా చాలామందికి తెలియదు.

ఆ ఉష్ణోగ్రత ఎలా తెలిసింది అని నా శిష్యుడు తన ఊరివాళ్ల తరఫున అడిగాడు. జవాబు సాఫిరిన్ పక్కన ఉన్న పొరుగువారిలో ఉంది. సిలికా కొరత ఉన్నచోటే పుట్టే ఈ ఖనిజం, నూరు శాతం సిలికా అయిన పలుగురాయి గింజను ఆనుకుని ఉండడం మామూలుగా జరగదు; రెండూ కలిసి మరో ఖనిజంగా మారిపోతాయి. చాలా ఎక్కువ వేడిలో మాత్రమే రెండూ పక్కపక్కన కాపురం చేయగలవు. అందుకే శిలాశాస్త్రవేత్తకు సాఫిరిన్, క్వార్ట్జ్ (పలుగురాయి) తాకుతూ కనిపిస్తే అది ఉష్ణమాపకంలో పాదరసం పైగీత దాటినట్టు. ఈ జంటను 1968లో డాల్విట్జ్ అనే శాస్త్రవేత్త అంటార్కిటికాలోని ఎండర్‌బీ ల్యాండ్ శిలల్లో గుర్తించి ప్రకటించాక ప్రపంచం దృష్టి దీని మీద పడింది. మన పాడేరు శిలల్లోని సాఫిరిన్, స్పినెల్, క్వార్ట్జ్ ల కూర్పు మీద ఆర్.కె. లాల్, ఆకర్‌మండ్, ఉపాధ్యాయ్ 1987లో రాసిన వ్యాసం ఈ రంగంలో పనిచేసేవాళ్లు నేటికీ తిరగేసేదే. తరవాత అనకాపల్లి, అనంతగిరి, సుంకరమెట్ట శిలల మీద కలకత్తా పరిశోధకులు చేసిన పని అంతే ముఖ్యమైనది.

శిష్యుడు తెచ్చిన రాయిలో ఒక అంచు కోయించి, నేను పనిచేసిన చోట ఉన్న మిత్రుడితో 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీయించాను. అంత పలచగా అరిగాక రాయి గాజులా కాంతిని పోనిస్తుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి ధ్రువణ కాంతిలో పళ్లెం తిప్పితే, సాఫిరిన్ గింజ ఒక దిక్కున దాదాపు రంగులేకుండా, కొంచెం గులాబీ ఛాయతో ఉండి, పావు చుట్టు తిప్పేసరికి చక్కటి నీలంగా మారింది. ఈ రంగు మార్పు చూడడానికి మా రోజుల్లో విద్యార్థులు వరసలో నిలబడేవారు. కానీ నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది రంగు కాదు, దాని చుట్టూ ఉన్న అంచు. సాఫిరిన్‌కూ పలుగురాయికీ మధ్య ఎక్కడా నేరుగా తాకిడి లేదు. గోడలా ఒక సన్నటి పట్టీ, అందులో సిలిమనైట్ అనే ఖనిజపు సూదులు, వాటికి అవతల హైపర్‌స్తీన్. ఒకప్పుడు రెండూ తాకి ఉండి, శిల చల్లబడుతున్నప్పుడు ఒకదానితో ఒకటి చర్య జరిపి ఈ గోడ కట్టుకున్నాయి. చర్య పూర్తయి ఉంటే సాఫిరిన్ మొత్తం మాయమయ్యేది. సగంలో ఆగిపోయింది కాబట్టే కథ మనకు మిగిలింది. పక్కనే మరోచోట సాఫిరిన్, కార్డియరైట్ అనే మరో ఖనిజం కలిసి చాప అల్లికలా పెనవేసుకుని ఉన్నాయి. అది ఒత్తిడి తగ్గిన దశ గుర్తు కావచ్చు. గోరంత రాతిపలకలో రెండు వేరు వేరు కాలాల జ్ఞాపకం అన్నమాట.

ఈ వేడి ఎప్పటిది అంటే, తూర్పు కనుమల ఈ భాగంలో ప్రధానమైన అత్యుష్ణ ఘట్టం సుమారు 100 కోట్ల నుంచి 90 కోట్ల ఏళ్ల నాటిదని శిలల్లోని జిర్కాన్, మోనజైట్ వంటి గింజల వయసులు చెబుతున్నాయి. అప్పుడు మన తూర్పు తీరం సముద్రతీరం కాదు. దానికి అవతల అంటార్కిటికా అతుక్కుని ఉండేది. అక్కడి రేనర్ శిలాప్రాంతం మన తూర్పు కనుమలకు తోబుట్టువు. రెండూ విడిపోయి మధ్యన సముద్రం చొరబడింది సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. డాల్విట్జ్ వర్ణించిన ఎండర్‌బీ ల్యాండ్ శిలలు రేనర్‌వి కావు, దాని పక్కనే ఉన్న నేపియర్ ప్రాంతంవి, వాటి అత్యుష్ణ ఘట్టం దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. ఖనిజం ఒకటే, వయసు వేరు. కొన్ని జనరంజక వ్యాసాల్లో విశాఖ సాఫిరిన్‌నూ నేపియర్ సాఫిరిన్‌నూ ఒకే కొలిమిలో కాచినట్టు రాయడం చూశాను, అది సరికాదు. ఇక 30 కిలోమీటర్ల లోతున అంత వేడి ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకా వాదంలో ఉన్న విషయమే. కింద నుంచి పొంగిన మాగ్మా తెచ్చిందని కొందరు, రేడియోధార్మిక మూలకాలు ఎక్కువున్న మందపాటి భూపటలం చాలాకాలం కదలకుండా ఉండి తనకు తానే కాగిందని కొందరు అంటారు.

ప్రపంచంలో ఇతర చోట్ల చూస్తే, కెనడాలో లాబ్రడార్ ప్రాంతపు విల్సన్ సరస్సు దగ్గర, అల్జీరియాలోని ఇన్ ఊజల్‌లో, దక్షిణాఫ్రికా లింపోపో పట్టీలో, మడగాస్కర్‌లో, శ్రీలంకలో సాఫిరిన్ ఉంది. మనదేశంలోనే తమిళనాడులోని పళని కొండల వైపు గంగువార్‌పట్టి మరో పేరుపొందిన చోటు. ఎక్కడైనా ఒకటే తీరు: కొండంతా సాఫిరిన్ అనేది ఉండదు. ఖొండలైట్, చార్నొకైట్ రాళ్ల మధ్య కటకంలా, పట్టీలా, ఒక్కోసారి ఇంటి వాకిలంత, ఒక్కోసారి మంచమంత మేర మాత్రమే ఉంటుంది. నాలుగు అడుగులు పక్కకు వేస్తే మామూలు రాయే. ఉన్న కాస్త మేరా పోతే, దాని బదులు చూపడానికి పక్కనే మరొకటి ఉంటుందన్న హామీ లేదు.

ధర సంగతి చెప్పకపోతే ఉత్తరం సగమే అవుతుంది. పారదర్శకమైన సాఫిరిన్ శ్రీలంక, మడగాస్కర్‌ల నుంచి అప్పుడప్పుడు దొరుకుతుంది, దాన్ని సానబట్టి కొనుక్కునే సేకర్తలు ఉన్నారు. అది కూడా అరుదు కాబట్టి కొనేవాళ్లు ఉన్నారు గానీ, నగల బజారులో దానికంటూ వాడుక లేదు. మన కొండల్లోని గింజలు చిన్నవి, పగుళ్లతో నిండినవి, మసకగా ఉన్నవి, గట్టి రాతిలో ఇరుక్కుపోయినవి. నా సర్వీసు మొత్తంలో, వందల నమూనాలు చూశాక, సానకు నిలిచే గింజ ఒక్కటి నా చేతికి రాలేదు. శనిదోషానికి నీలం పెట్టుకోమని సలహా ఇచ్చేవారి నమ్మకం గురించి నేనేమీ అనను. కానీ ఈ రాయి ఆ నీలం మాత్రం కాదు కాబట్టి ఆ లెక్కలోనూ ఇది పనికిరాదు. ఆమధ్య ఒక పర్యాటక స్థలం దగ్గర మా బంధువు ఒకాయన ఇలాంటి రాయినే మన్యం నీలమని నాలుగు వేలకు కొని తెచ్చి నాకు గొప్పగా చూపించాడు. అది సాఫిరిన్ కూడా కాదు, సీసా గాజు.

నేను దీన్ని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. గొలుగొండ మండలం కరక వైపు రంగురాళ్ల కోసం ఏళ్ల తరబడి జరిగిన దొంగ తవ్వకాల గురించి మీ పాఠకులకు చెప్పక్కర్లేదు. అక్కడి వైడూర్యం, అలెగ్జాండ్రైట్ నిజమైన రత్నజాతి రాళ్లే. బెరీలియం ఉన్న క్రిసోబెరిల్ అనే మరో ఖనిజం రూపాలు. అలాంటి రాళ్ల మీద ఆశతో ఎలుకబొరియల్లాంటి సొరంగాల్లో దూరి, మట్టిపెళ్లలు విరిగిపడి కూలిమనుషులు చనిపోయిన ఘటనలు ఈ జిల్లాల్లో జరిగాయి. లాభం ఎవరికో, ప్రాణం ఎవరిదో. రత్నం కాని రాయికి నీలమని పేరు పెట్టి అచ్చువేస్తే అదే ఆశ మరో కొండ మీదికి పాకుతుంది. పైగా ఆ ప్రాంతం గిరిజన ప్రాంతాల రక్షణకు రాజ్యాంగంలో ఉన్న అయిదో షెడ్యూలు కిందిది. గిరిజనేతరులకు అక్కడ ఖనిజ లీజులు ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఇచ్చిన తీర్పు మన కొండల నుంచి పుట్టినదే. మైదానం నుంచి సంచులు పట్టుకుని వెళ్లి రాళ్లు ఏరుకొచ్చే హక్కు ఎవరికీ లేదు.

రెండో నష్టం నిశ్శబ్దంగా జరిగేది. విద్యార్థులను ఏటా తీసుకెళ్లి చూపించిన సాఫిరిన్ పట్టీ ఒకటి రోడ్డుపక్క మలుపులో ఉండేది. పొడవు ఇరవై అడుగులకు మించదు. వానాకాలం తరవాత, తడి ఆరకముందే వెళితే నీలిగింజలు దూరం నుంచే కనిపించేవి. ఒక ఏడాది వెళ్లేసరికి అక్కడ మలుపు లేదు, బండ లేదు. కొంచెం అవతల క్రషర్, దాని పక్కన సైజుల వారీగా పోసిన కంకర. ఆ కుప్పల్లో గంటసేపు వెతికి గుప్పెడు నీలిగింజల ముక్కలు ఏరుకొచ్చాం. ఏ ముక్క ఏ వైపు నుంచి వచ్చిందో, పక్కన ఏ రాయి ఉండేదో తెలియని నమూనాకు శాస్త్రంలో విలువ చాలావరకు పోయినట్టే. రోడ్డు వేయవద్దని నేను అనను. పాడేరు ఘాట్‌లో అర్ధరాత్రి డోలీ మోతలు చూసినవాణ్ణి, రోడ్డు ఎంత అవసరమో తెలుసు. పేలుడు పెట్టే ముందు ఆ ఇరవై అడుగులను ఎవరైనా ఒకసారి చూసి ఉంటే, మలుపును రెండు గజాలు అవతలికి జరపడం పెద్ద ఖర్చు అయ్యేది కాదని మాత్రం అంటున్నాను.

మనకు ముందున్న ఉదాహరణలు లేకపోలేదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. తిరుమల శిలాతోరణం, మంగంపేట ముగ్గురాయి పొరలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ దగ్గరి చార్నొకైట్ రాతికి జాతీయ భూవైజ్ఞానిక స్మారక హోదా ఉంది. చార్నొకైట్ మన తూర్పు కనుమల్లో కొండలకు కొండలుగా ఉంది. సాఫిరిన్ శిల దానితో పోలిస్తే ఎన్నో రెట్లు అరుదు. గతంలో వర్ణించిన ఉనికిపట్లలో పాడేరు, అనంతగిరి వైపు కనీసం రెండు మూడింటిని గుర్తించి, గ్రామసభతో మాట్లాడి, చుట్టూ నాలుగు రాళ్లు పాతి, తెలుగులో ఒక పలక పెట్టమని సంబంధిత శాఖలను కోరుతున్నాను. రోడ్డు, క్వారీ పనులకు అనుమతి ఇచ్చేటప్పుడు భూవిజ్ఞాన పటంలో ఈ పట్టీలు ఉన్నాయేమో చూడడం ఒక పూట పని. తప్పనిసరిగా తొలగించవలసి వస్తే, దిక్కు గుర్తు పెట్టి పెద్ద ముక్కలు కోసి, విశాఖలోని విశ్వవిద్యాలయ సంగ్రహాలయానికి చేర్చవచ్చు.

మీ పత్రికకు నా విన్నపం చిన్నది. సవరణ వేసేటప్పుడు నీలం అని కాక సాఫిరిన్ అని, దాన్ని మెగ్నీషియం అల్యూమినియం సిలికేట్ అని రాయండి. ధర ఊసు ఎత్తకండి. కచ్చితమైన స్థలం పేరు, కిలోమీటరు రాయి సంఖ్య అచ్చువేయకండి. నేనూ ఈ ఉత్తరంలో కావాలనే వేయలేదు. నా శిష్యుడు ఆ రాయిలో సగం తన బడికి పట్టుకుపోయాడు. మిగిలిన సగం, సూక్ష్మదర్శిని కింద పెట్టిన పలకతో సహా, నా దగ్గర ఉంది. మీ విలేకరి ఏ సాయంత్రం వచ్చినా, పుష్యరాగం ముక్కతో ఆయన చేతే గీయించి చూపిస్తాను.

భవదీయుడు,
విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం